వజ్రం ఎంతని కాదు, పట్టు ఎలాంటిదని అడగండి
గ్రానైట్ కోత పనిముట్లపై వర్తకులకొక పాఠం

(మా వాణిజ్య విలేఖరి)

టెక్కలి: ఇక్కడి నీలి గ్రానైట్‌కు దేశ విదేశాల్లో గిరాకీ వున్న సంగతి ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. దిమ్మ రేటు, లారీ కిరాయి, విశాఖ రేవు ఖర్చులు, డాలరు మారకం రేటు మన వర్తకులు వేళ్ళ మీద లెక్క చెప్పగలరు. అయితే ఆ దిమ్మను పలకలుగా కోసే వజ్రపు పళ్ళు కొనే వేళకు చాలామంది "ఇందులో వజ్రం ఎంత వేశారు?" అన్న ఒక్క ప్రశ్నతో బేరం ముగిస్తున్నారు. నష్టానికి దారి అక్కడే పడుతున్నది.

జాతీయ రహదారి పక్కనున్న ఒక కోత యూనిట్‌లో కొంతకాలం క్రిందట కంటబడిన సంగతి ఇది. యజమాని పాత రకం కంటే ఎక్కువ ధర పెట్టి కొత్త సెగ్మెంట్లు తెప్పించారు. వజ్రం పాలు ఎక్కువ గనుక ఎక్కువ కాలం వస్తాయని డీలరు చెప్పారు. యంత్రం మీద వున్న మేస్త్రి మాట వేరుగా వుంది. "వజ్రం ఎక్కువేసినారని ఎక్కువిచ్చి కొన్నాం బాబూ. రాయి మీద జారిపోతంది గాని కొయ్యట్లేదు" అన్నాడు. కోత సాగడం లేదని బ్లేడును మరింత ఒత్తి నడిపారు. బ్లేడు పక్కకు లాగింది. పలకలు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా వచ్చాయి. కొనుగోలుదారు వాటిని తిప్పి పంపాడు. యజమానికి రాయి నష్టం, మేస్త్రికి మాట, డీలరుకు బాకీ వసూలు కాని బాధ మిగిలాయి. ఇంతకూ ఆ సెగ్మెంట్లలో వజ్రం నాసిరకమా అంటే కాదు. వజ్రాన్ని పట్టి వుంచిన లోహం ఆ రాతికి తగినది కాదు.

వజ్రపు పలుకులను పనిముట్టుకు అతికించే పదార్థాన్ని బజారులో బాండ్ అంటున్నారు. ఈ వ్యాసంలో దానిని పట్టు అని వ్యవహరిద్దాం. పట్టు ఎన్ని రకాలు, ఏ రాతికి ఏది తగును, బేరంలో దానిని లెక్కలోకి తీసుకోవడం ఎలా అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

కిలోకు పైగా సరుకులో 34 గ్రాములే

ముందు ఒక చిన్న లెక్క. పనిముట్లలో వజ్రం పాలును గాఢత అంకెతో చెబుతారు. ఘన సెంటీమీటరుకు 4.4 క్యారెట్ల వజ్రం వుంటే గాఢత 100 అని అంతర్జాతీయ వాడుక. క్యారెట్ అంటే గ్రాములో ఐదవ వంతు. గాఢత 100 అన్నంత మాత్రాన అంతా వజ్రమే అని కాదు. పరిమాణంలో నాలుగవ వంతు మాత్రమే వజ్రమని అర్థం. గాఢత 25 అంటే ఘన సెంటీమీటరుకు 1.1 క్యారెట్లు.

24 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల మందం, 10 మిల్లీమీటర్ల ఎత్తు గల సెగ్మెంట్‌ను తీసుకుందాం. దాని పరిమాణం 1.92 ఘన సెంటీమీటర్లు. గాఢత 25 అయితే ఒక్కొక్క ముక్కలో సుమారు 2.1 క్యారెట్ల వజ్రం వుంటుంది. బ్లేడుకు 80 ముక్కలు అనుకుంటే మొత్తం 169 క్యారెట్లు, అనగా సుమారు 34 గ్రాములు. తక్కినదంతా లోహం. అది కిలోకు పైమాటే. వర్తకుడు వజ్రం కొంటున్నానని అనుకుంటాడు గాని, తూకంలో అతడు కొంటున్నది ముఖ్యంగా పట్టునే.

పలుకు సైజును మెష్ అంకెతో చెబుతారు. పలాస జీడిపప్పు వర్తకులకు ఇది సులభంగా బోధపడుతుంది. 240 రకం కంటే 320 రకం గింజ చిన్నది, ఎందుకంటే ఆ అంకె పౌనుకు తూగే గింజల సంఖ్య. మెష్‌లో కూడా అంకె పెరిగిన కొద్దీ పలుకు చిన్నది. 30/40 మెష్ పలుకు 40/50 మెష్ పలుకు కంటే పెద్దది. 40/50 అంటే పలుకు సుమారు 0.3 నుంచి 0.42 మిల్లీమీటర్ల మధ్య వుంటుంది.

ఈ పలుకులు గనుల నుంచి తీసినవి కావు. కృష్ణా తీరాన కొల్లూరు గనులు ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలు పంపినవే అయినా, నేడు రాయి కోసేది ముఖ్యంగా కృత్రిమ వజ్రం. స్వీడన్‌లోని ఏషియా కంపెనీ 1953లో దీనిని తయారుచేసి బయటపెట్టలేదు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1954 డిసెంబరులో తయారుచేసి 1955 ఫిబ్రవరిలో ప్రకటించింది. బొగ్గు జాతికే చెందిన గ్రాఫైట్‌ను ఇనుము, నికెల్ వంటి లోహాలతో కలిపి, వాతావరణ పీడనానికి 50 వేల రెట్లకు మించిన ఒత్తిడిలో బాగా వేడిచేస్తే అది వజ్రంగా మారుతుంది. గట్టితనంలో వజ్రానికి 10 అంకె ఇస్తే గ్రానైట్‌లోని క్వార్ట్జ్‌కు 7, ఫెల్డ్‌స్పార్‌కు 6. కనుక కోయగలదా అన్న ప్రశ్నే లేదు. కోస్తున్నంతసేపు అది తన చోట నిలబడుతుందా అన్నదే ప్రశ్న.

లేత పాకం, ముదురు పాకం

పట్టు చేయవలసిన పనులు రెండు. మొదటిది, పలుకును గట్టిగా పట్టుకొనడం. రెండవది, ఆ పలుకు అరిగి మొద్దుబారినప్పుడు దానిని వదిలిపెట్టి క్రిందనున్న కొత్త పలుకు పైకి తేలేటట్లు తాను కొంత అరగడం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు. పాకం మరీ లేతగా వుంటే అచ్చు నుంచి పప్పు రాలిపోతుంది. మరీ ముదిరితే పప్పు పైకి రాదు, పన్ను విరుగుతుంది. పనిముట్టు తయారీ రహస్యమంతా ఆ పాకం కుదర్చడంలోనే వుంది.

పలుకు పైకి తేలి పనిచేస్తున్నప్పుడు దాని ముందు, పక్కల వున్న లోహాన్ని రాతిబురద ఒరుసుకుంటూ పోతుంది. పలుకు వెనుక మాత్రం లోహం తోకలాగ మిగులుతుంది. ఈ తోకే పలుకుకు వెన్నుదన్ను. అందువల్లనే బ్లేడు మీద తిరగవలసిన దిశను బాణం గుర్తుతో సూచిస్తారు. విప్పిన బ్లేడును తిరగవేసి బిగిస్తే తోక ముందుకు వచ్చి, పలుకు వెనుక ఆనిక వుండదు. మంచి పలుకులు వూడిపోతాయి. సరుకు బాగులేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందుగా చూడవలసినది ఈ బాణం గుర్తు.

పట్టు రకాలు

1. పొడి లోహం కాల్చిన పట్టు: గ్రానైట్ సెగ్మెంట్లలో అధికభాగం ఈ రకానివే. కోబాల్టు, ఇనుము, రాగి, తగరం, నికెల్ వంటి లోహాల పొడులను తగు పాళ్ళలో వజ్రపు పలుకులతో కలిపి, గ్రాఫైట్ అచ్చుల్లో పోసి, ఒత్తిడి పెడుతూ సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. పొడి పూర్తిగా కరగకుండానే రేణువులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. వజ్రం ముడుచుకొనడం బహు స్వల్పం. అందువల్ల లోహం పలుకును పిడికిలితో పట్టినట్లు బిగుస్తుంది. ఇది నొక్కుడు వల్ల వచ్చిన పట్టే గాని అతుకుడు కాదని గుర్తుంచుకోవాలి. అతుకుడు కూడా కావాలనుకున్నప్పుడు టైటానియం, క్రోమియం వంటి లోహాలతో పూత పెట్టిన పలుకులు వాడతారు. ఆ లోహాలు వజ్రంలోని కర్బనంతో కలిసి కార్బైడ్‌గా మారి రెంటినీ కలుపుతాయి. ఈ రకం లాభమేమంటే పలుకులు లోతంతా నిండి వుంటాయి. పై వరుస పోతే క్రింది వరుస వస్తుంది. సెగ్మెంట్ అరిగేవరకు పని జరుగుతుంది.

ఇందులో మోసపోవడానికి వీలున్న చోటు కాల్చే వేడి. వేడి చాలకపోతే లోహం సరిగా అంటుకోదు. మించితే వజ్రపు పలుకు పైపొర తిరిగి గ్రాఫైట్‌గా మారుతుంది. ఇనుము, కోబాల్టు దగ్గర వుంటే ఆ మార్పు మరింత తొందరగా వస్తుంది. అప్పుడు క్యారెట్ల లెక్క సరిపోయినా పలుకుల్లో సత్తా వుండదు.

2. నికెల్ పూత పట్టు: గిన్నెలకు పూత పెట్టినట్లే, విద్యుత్తుతో నికెల్‌ను పేర్చి ఉక్కు మీద ఒకే ఒక వరుస పలుకులను నిలిపే పద్ధతి. పలుకు ఎత్తులో సగానికి పైగా నికెల్‌లో మునిగి వుంటుంది. ద్రావకం వేడి 50, 60 డిగ్రీలు మాత్రమే గనుక వజ్రానికి హాని లేదు. పలుకులు బాగా పైకి వుండడం చేత కోత చురుకు. అంచులు చెక్కే చక్రాలకు, వంపు పనులకు, పాలరాతికి, దంతవైద్యుల పనిముట్లకు ఇది తగినది. ఒక్క వరుసే కాబట్టి ఆ వరుస పోయిందంటే పని ముగిసినట్లే. గ్రానైట్ దిమ్మల కోతకు దీనిని చవకగా వస్తున్నదని కొంటే నెల తిరగకముందే మళ్ళీ కొనవలసి రావచ్చు.

3. శూన్యపు కొలిమిలో అతికిన పట్టు: ఇదీ ఒకే వరుస. నికెల్, క్రోమియం కలిసిన లోహాన్ని గాలిలేని కొలిమిలో వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేసి కరిగిస్తారు. క్రోమియం వజ్రంతో కార్బైడ్ కట్టడం వల్ల ఇది నిజంగా అతుకు. పట్టు బలమైనది గనుక పలుకులో సగానికి మించి బయట వుంచవచ్చు. కాంక్రీటు, ఇనుప కమ్మీలు కలిసివున్న గోడలు కోసే పనుల్లోను, ప్రమాదాల్లో చిక్కుకున్న వారిని బయటకు తీసే రక్షక దళాల్లోను దీనికి పేరుంది. కొలిమి ఖర్చు, వేడి వల్ల వజ్రానికి కలిగే శ్రమ ఇందులోని లోటు.

4. రెసిన్ పట్టు: ఫినాలిక్ వంటి రెసిన్లలో పలుకులు కలిపి 200 డిగ్రీల లోపు వేడిలో గట్టిపరుస్తారు. మెత్తని పట్టు కాబట్టి మొద్దుబారిన పలుకు తొందరగా రాలి కొత్తది వస్తుంది. రాలే వేగం తగ్గించడానికి పలుకులకు ముందే నికెల్ పూత పెట్టడం కద్దు. గ్రానైట్ పలకకు అద్దం మెరుపు తెచ్చేది ఈ రకమే. ముందు ముతక నంబర్లలో లోహపు పట్టు, తరువాత 400, 800, 1500, 3000 అంటూ సన్నని నంబర్లలో రెసిన్ పట్టు వాడడం పరిపాటి. కార్బైడ్ పనిముట్లను సానపట్టే చక్రాల్లో కూడా ఇదే ఎక్కువ.

5. గాజు పట్టు: గాజు పొడితో కాల్చినది. లోపల సన్నని రంధ్రాలుండి నీటిని, పొడిని బయటకు పంపుతుంది. యంత్రభాగాలను, గట్టి పనిముట్లను సానపట్టే కర్మాగారాల్లో దీని వాడకం. రాతి వర్తకులకు దీనితో పని అరుదు.

ఇక క్వారీల్లో దిమ్మను కొండ నుంచి విడదీసే వజ్రపు తీగ సంగతి. 1970ల చివర ఇటలీలోని కరారా పాలరాతి గనుల్లో ఇది వాడుకలోకి వచ్చినప్పుడు పూసల మీద వున్నది నికెల్ పూత పట్టు. గ్రానైట్‌కు అది ఆగలేదు. పొడి లోహం కాల్చిన పూసలు వచ్చిన తర్వాతనే గ్రానైట్ క్వారీల్లో తీగ నిలబడింది. గ్రానైట్ తీగకు మీటరుకు సుమారు 40 పూసలుంటాయి. వాటి మధ్య రబ్బరు గాని ప్లాస్టిక్ గాని పోసి రాతిబురద ఉక్కు తాడును తినకుండా కాపాడతారు. తీగ తెగితే పూసలు తూటాల్లా లేస్తాయి. నడుస్తున్న తీగకు ఎదురుగా మనిషి నిలబడరాదు.

పన్ను ఉక్కుకు అతికేది వేరే పట్టు

సెగ్మెంట్‌లో వజ్రాన్ని పట్టేది ఒక పట్టు అయితే, ఆ సెగ్మెంట్‌ను ఉక్కు చక్రానికి అతికేది మరొకటి. సాధారణంగా ఇది వెండి కలిసిన టాంకం. అరిగిన సెగ్మెంట్లను వేడిచేసి వూడదీసి, అదే చక్రానికి కొత్తవి అతికించవచ్చు. మన వైపు యూనిట్లు నడిచేది ఈ వెసులుబాటు మీదనే. అయితే నీరు లేకుండా నడిపితే టాంకం మెత్తబడి ముక్క ఎగిరిపడుతుంది. నీరు వాడని కోతకు ఉద్దేశించిన బ్లేడులకు అందుకే లేజరు వెల్డింగు చేస్తారు. టాంకం పెట్టిన బ్లేడును పొడి కోతకు అమ్మిన డీలరు తన సరుకు పేరునే గాక మనిషి ప్రాణాన్ని కూడా పణం పెడుతున్నాడు.

గట్టి రాతికి మెత్తని పట్టు

వర్తకులు తరచు తికమకపడేది ఇక్కడే. రాయి గట్టిది గనుక పట్టు కూడా గట్టిది కావాలనుకోవడం సహజం. నిజం దానికి విరుద్ధం. గట్టిగా, దట్టంగా వుండే రాయి సన్నని పొడిని ఇస్తుంది. ఆ పొడి లోహాన్ని అంతగా అరగదీయదు. వజ్రం మాత్రం దాని మీద తొందరగా మొద్దుబారుతుంది. పట్టు గట్టిదైతే మొద్దు పలుకు వదలదు, కొత్త పలుకు రాదు. బ్లేడు అంచు నున్నబడి మెరుస్తుంది. మొదట చెప్పిన యూనిట్‌లో జరిగింది ఇదే. పలుకులు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్క పలుకు మీద పడే బరువు తగ్గి, అవి రాతిలోకి దిగక పైపైన జారతాయి. కనుక వజ్రం పాలు పెంచడం ఆ జబ్బును మరింత ముదిరేలా చేసింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన జిల్లాల్లోనే వుంది. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖోండలైట్ రాయి కోణార్క ఆలయం కట్టిన జాతి రాయి. వాతావరణానికి చివికినప్పుడు ఇసుకలాగ రాలుతుంది. అందులోని గార్నెట్, క్వార్ట్జ్ రేణువులు పట్టును ఆకురాయిలా అరగదీస్తాయి. అటువంటి రాతికి మెత్తని పట్టు వాడితే మంచి పలుకులు పని చేయకుండానే రాలిపోతాయి. అక్కడ గట్టి పట్టు కావాలి. ఒకే డీలరు, ఒకే పెట్టెలోని సెగ్మెంట్లు ఒక యూనిట్‌లో మెప్పు, ఇంకొక యూనిట్‌లో తిట్లు పొందడానికి కారణం ఇదే.

రాతితో పాటు వేగం కూడా చూడాలి. గ్రానైట్ కోతలో బ్లేడు అంచు సెకనుకు 25 నుంచి 35 మీటర్లు తిరగడం వాడుక. సెకనుకు 30 మీటర్ల లెక్కన 1.2 మీటర్ల బ్లేడు నిమిషానికి సుమారు 480 చుట్లు, 35 సెంటీమీటర్ల బ్లేడు సుమారు 1,640 చుట్లు తిరగాలి. వేగం పెంచితే పట్టు గట్టిదైనట్లు, తగ్గిస్తే మెత్తనైనట్లు పనిచేస్తుంది. కనుక ఫిర్యాదు వచ్చినప్పుడు సెగ్మెంట్ మార్చకముందే మోటారు కప్పీల కొలత అడగడం తెలివైన డీలరు లక్షణం.

భూతద్దంతో పరీక్ష

నగల వర్తకుల దగ్గర వుండే 10 రెట్ల భూతద్దం చాలు. కొంతసేపు పనిచేసిన సెగ్మెంట్ అంచును కడిగి చూడండి.

పలుకులు కొన్ని నిండుగా, కొన్ని కొద్దిగా చిట్లి, అక్కడక్కడ మాత్రమే గుంటలుంటే పట్టు కుదిరిందని అర్థం. పలుకులు చదునుగా మెరుస్తూ, లోహంతో సమానంగా వుంటే పట్టు గట్టిదైంది. పలుకులు పోయిన గుంటలే ఎక్కువ కనబడితే పట్టు మెత్తనైనా కావాలి, కాల్చడంలో లోపమైనా వుండాలి, లేదా బ్లేడు తిరగబడి బిగించి వుండాలి. పలుకులు నల్లబడితే వేడి మించింది. ముందు నీటి ధారను చూడండి.

నున్నబడిన బ్లేడును వెంటనే పారవేయనక్కరలేదు. సానరాతి దిమ్మను గాని, గరుకైన కొలిమి ఇటుకను గాని కొన్నిసార్లు కోయిస్తే లోహం అరిగి కొత్త పలుకులు తేలతాయి. రోజూ అదే పని చేయవలసి వస్తే మాత్రం సెగ్మెంట్ ఆ రాతికి తగినది కాదని నిర్ణయించుకోవాలి.

వజ్రం పాలు మీద తగాదా వస్తే తేల్చుకొనే మార్గం కూడా వుంది. ప్రయోగశాలలో సెగ్మెంట్‌ను ఆమ్లంలో కరిగిస్తే లోహం పోయి వజ్రం మిగులుతుంది. దానిని తూచవచ్చు. ఈ కారణం చేతనే అరిగిన ముక్కలకు కూడా కొంత విలువ వుంది. వాటిని చెత్తలో వేయక కూడబెట్టడం మంచిది.

చదరపు అడుగు లెక్క

చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు వర్తకులెవరూ ఖనిజాన్ని టన్ను రేటు ఒక్కటే చూసి కొనరు. అందులో లోహం శాతం ఎంతో చూస్తారు. సెగ్మెంట్లకు కూడా అటువంటి కొలబద్ద వుంది. అది చదరపు అడుగుకు పడే ఖర్చు. క్రింది అంకెలు లెక్క తెలియడం కోసం వేసుకున్నవే గాని బజారు ధరలు కావు.

మొదటి రకం సెట్టు ధర రూ. 30,000. అది 5,000 చదరపు అడుగులు కోస్తుంది. పనిముట్టు ఖర్చు అడుగుకు రూ. 6. గంటకు 50 అడుగులు కోస్తుంది. కరెంటు, కూలి, యంత్రం అరుగుదల కలిపి గంటకు రూ. 400 అనుకుంటే అడుగుకు రూ. 8. మొత్తం రూ. 14.

రెండవ రకం వజ్రం ఎక్కువ వేసిన గట్టి పట్టు. ధర రూ. 36,000. అది 8,000 అడుగులు కోస్తుంది. పనిముట్టు ఖర్చు అడుగుకు రూ. 4.50 మాత్రమే. చూడడానికి లాభం. కాని గంటకు 40 అడుగులే కోస్తుంది. యంత్రం ఖర్చు అడుగుకు రూ. 10. మొత్తం రూ. 14.50.

మూడవ రకం రాతికి కుదిరిన పట్టు. ధర రూ. 33,000. అది 6,000 అడుగులు, గంటకు 50 అడుగుల చొప్పున కోస్తుంది. పనిముట్టుకు రూ. 5.50, యంత్రానికి రూ. 8. మొత్తం రూ. 13.50.

ఎక్కువ కాలం మన్నిన రెండవ రకమే అన్నిటికంటే ఖరీదైనదిగా తేలింది. మూడవ రకానికీ దానికీ అడుగుకు తేడా ఒక్క రూపాయి. లక్ష అడుగులు కోసే యూనిట్‌కు అది లక్ష రూపాయలు. పలక వంకరపోయి తిరిగి వచ్చే నష్టం ఈ లెక్కలో చేర్చలేదు.

ధరల వెనుక దేశాలు

పట్టులోని లోహాల్లో పేరున్నది కోబాల్టు. వజ్రాన్ని బాగా పడుతుంది, దానికి చేసే హాని తక్కువ. అయితే దాని ధరకు నిలకడ లేదు. ప్రపంచంలో గనుల నుంచి వచ్చే కోబాల్టులో అధికభాగం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిది. ఆ దేశం జైరే అన్న పేరుతో వున్న రోజుల్లో, 1978 మే నెలలో, షాబా రాష్ట్రం మీద తిరుగుబాటుదారుల దాడి జరిగినప్పుడు కోబాల్టు ధర కొన్ని రెట్లు పెరిగింది. బ్యాటరీల గిరాకీతో 2018లో టన్ను 90 వేల డాలర్లు దాటి, మరుసటి ఏడాది 30 వేల డాలర్ల దిగువకు పడింది. 2025 ఫిబ్రవరిలో కాంగో ఎగుమతులను నిలిపివేసి, అక్టోబరు నుంచి కోటా పద్ధతి పెట్టింది.

ఈ ఒడుదుడుకుల వల్లనే పనిముట్ల తయారీదారులు కోబాల్టు తగ్గించి ఇనుము, రాగి కలిపిన పొడుల వైపు మళ్ళారు. ముందే మిశ్రమంగా తయారుచేసిన పొడులు ఇందుకు తోడ్పడ్డాయి. కనుక "కోబాల్టు లేదు, నాసిరకం" అని కొట్టివేయడం సరికాదు. ఇనుము పాలు పెరిగినప్పుడు కాల్చే వేడిని తగ్గించి అదుపులో పెట్టారా అన్నది అడగవలసిన మాట.

కృత్రిమ వజ్రపు పలుకుల్లో అత్యధిక భాగం చైనాలో, ముఖ్యంగా హెనాన్ రాష్ట్రంలో తయారవుతున్నది. 2025 అక్టోబరులో చైనా కొన్ని రకాల పారిశ్రామిక వజ్రాల మీద, వజ్రపు తీగల మీద ఎగుమతి నియంత్రణలు ప్రకటించి, నవంబరులో వాటి అమలును ఏడాదిపాటు వాయిదా వేసింది. టాంకంలోని వెండి కూడా అదే అక్టోబరులో ఔన్సు 50 డాలర్లు దాటింది. టెక్కలి పలక ఖరీదులో కాంగో గని, హెనాన్ కొలిమి, వెండి బజారు మూడింటికీ పాలున్నదన్నమాట. కోబాల్టు, వెండి పెరిగిన నెలల్లో కూడా ఎవరైనా పాత ధరకే సెగ్మెంట్లు ఇస్తామంటే, పట్టు మారిందా అని అడగడం వర్తకుని హక్కు.

కొనేముందు అడగవలసినవి

1. ఇది ఏ రాతికి, ఏ యంత్రానికి తయారుచేసిన పట్టు? మన రాతి ముక్క పంపితే దానికి తగినట్లు ఇస్తారా?
2. పలుకు మెష్ ఎంత? గాఢత ఎంత? బిల్లులో రాసి ఇస్తారా?
3. పట్టులో ప్రధాన లోహం ఏది? పలుకులకు పూత వుందా?
4. నీటితో కోతకా, పొడి కోతకా? అతుకు టాంకమా, లేజరా?
5. ముందుగా ఒక్క బ్లేడుకు ఇచ్చి, కోసిన అడుగులు, పట్టిన గంటలు రాసి చూసిన తర్వాత పెద్ద ఆర్డరు పెట్టడానికి ఒప్పుకుంటారా?

అయిదవ ప్రశ్నకు అవునన్న డీలరుతో అరువు వ్యాపారం చేసినా ఇబ్బంది వుండదు. యూనిట్ యజమాని కూడా తన వంతుగా పుస్తకం పెట్టాలి. ఏ సెట్టు ఏ తేదీన ఎక్కింది, ఏ క్వారీ రాయి కోసింది, ఎన్ని అడుగులు వచ్చాయి అని రాయని వాడికి రేపు తగాదా వస్తే చెప్పుకోవడానికి ఆధారం వుండదు.

మరొక్క మాట. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేసే హాని తిరిగి నయమయ్యేది కాదు. పట్టు నుంచి రాలే కోబాల్టు ధూళి కూడా ప్రమాదకరమని 1980లలో బెల్జియంలో వజ్రాలు సానపట్టే పనివారి జబ్బులను పరీక్షించిన వైద్యులు గుర్తించారు. నీటి ధార బ్లేడును చల్లబరచడానికి మాత్రమే కాదు, మేస్త్రి ఊపిరి నిలపడానికి కూడా. ఆ ఖర్చు తగ్గించి చూపే లాభం లాభం కాదు.

మొదట చెప్పిన యూనిట్‌కు సెగ్మెంట్లు పంపిన తయారీదారు తర్వాత రాతి ముక్క తెప్పించుకుని, వజ్రం పాలు కొంత తగ్గించి, మెత్తని పట్టుతో ఒక్క బ్లేడుకు సరిపడా పంపాడు. ధర కూడా ముందటి కంటే తక్కువే. మేస్త్రి ఈసారి ఒత్తలేదు. బ్లేడు తనంత తాను దిగింది. డీలరు పాత బాకీలో సగం ఆ వారమే వసూలయింది. మిగతా సగం పుస్తకంలో అడుగుల లెక్క చూసుకున్న తర్వాత ఇస్తామన్నారు. ఇరువురికీ న్యాయమైన మాటే.